అమ్మ అడిగిన నీళ్లు

నా చిన్నప్పుడు, తొమ్మిదో ఏట, మా నాయనమ్మ నాకొక పని అప్పగించింది. అప్పటిదాకా నాకు చెప్పిన పనులన్నీ చిన్నవే. కోళ్లను గంప కింద మూయడం, పొయ్యి దగ్గరికి పుల్లలు తెచ్చి పెట్టడం, బాపుకు, అంటే నాన్నకు, చేను దగ్గరికి సద్ది తీసుకుపోవడం. ఈ పని వాటిలాంటిది కాదు. బాలింత అయిన మా అమ్మ నీళ్లు తాగకుండా నేను కాపలా ఉండాలి.

మాది బచ్చన్నపేట దగ్గర ఒక మెట్ట ఊరు. జొన్న, ఆముదం పండే చేలు. ఎండలు ముదురుతున్న రోజుల్లో తమ్ముడు పుట్టాడు. నా తర్వాత అమ్మకు ఇద్దరు పుట్టి పోయారు కాబట్టి వాడి మీద ఇంటిల్లిపాదికీ ప్రాణం. కాన్పు ఇంట్లోనే, ఊరి మంత్రసాని చేతుల మీద అయింది. తర్వాత అమ్మను వెనక అర్రలోకి మార్చారు. కిటికీకి గోనెసంచి కట్టారు, మంచం పక్కన కుంపటి పెట్టారు. పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం, పొద్దున్నే మందుగా కాయం ముద్ద. నీళ్లు మాత్రం పూటకు ఒక చిన్న గిన్నెడు, అదీ కాచి చల్లార్చినవి. అంతకు మించి తాగితే పొట్ట ఉబ్బుతుందని, పిల్లవాడికి పడిశం పడుతుందని, బాలింత ప్రాణానికే ముప్పని నాయనమ్మ నమ్మకం.

నాయనమ్మ చెడ్డది కాదు. ఈ మాట ముందే చెప్పాలి, లేకపోతే నేను చెప్పబోయేదంతా తప్పుదారి పడుతుంది. అమ్మకు నడుం నొప్పి అంటే తెల్లవారకముందే లేచి వాయిలాకు నీళ్లు కాచేది. పెద్ద మనిషి అయ్యుండి కోడలి మురికి బట్టలు తనే ఉతికేది. పిల్లవాడి గుడ్డలు ఉతకడం ఒక్కటే నా వంతు. ఇంత చేసే మనిషి నీళ్ల దగ్గర మాత్రం రాయిలా ఉండేది. ఆమె పొయ్యి దగ్గరికో పెరట్లోకో పోయేటప్పుడు నన్ను అర్ర గడప మీద కూర్చోబెట్టి, "అమ్మ అడుగుతది బిడ్డా, ఇయ్యకు. ఇచ్చినవంటె అమ్మ సచ్చిపోతది," అని చెప్పి పోయేది. తొమ్మిదేళ్ల పిల్లకు ఆ మాట చాలదా!

మూడో రోజు సర్కారు దవాఖాన నర్సు వచ్చింది, ఊరంతా నర్సక్క అనేది. మా చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆమెవే. బస్సు దిగి, తెల్లచీర కొంగు నెత్తి మీద కప్పుకొని, భుజాన సంచి వేసుకొని ఎండలో నడిచి వచ్చేది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లు ఉంటాయేమో. గూడూరు దిక్కు ఒక తండాలో పుట్టిన పిల్ల. ఇంట్లో వాళ్ల భాష వేరు. మాతో మాట్లాడే తెలుగులో అప్పుడప్పుడూ ఆ భాష యాస తొంగిచూసేది. ఆమె అమ్మను చూసింది, పిల్లవాడిని చూసింది, బయటికి వచ్చి నాయనమ్మతో ఉన్నమాట ఉన్నట్టు చెప్పింది. బాలింతకు నీళ్లు మస్తుగా ఇవ్వాలి, కుంపటి తీసెయ్యాలి, కిటికీ తెరవాలి, పిల్లవాడికి తల్లిపాలు తప్ప ఇంకేదీ పెట్టొద్దు.

చెప్పిందంతా నిజమే. చెప్పిన తీరుకే నాయనమ్మకు ఒళ్లు మండింది. "ఏడుగురిని కన్నదాన్ని. తండా నుంచి వచ్చిన పోరి, ఇంక పెండ్లి గూడ కాలే, నాకు బాలింత సంగతి జెప్తదా? పో బిడ్డా, ఇంకో ఇంటికాడ జెప్పుకో," అంది. నర్సక్క ముఖం ఎర్రబడింది. సంచి సర్దుకొని వెళ్లిపోయింది. ఆమె వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. చిన్న గిన్నెడు నీళ్లు గడగడా తాగి, అడుగున చుక్క కోసం గిన్నెను నాలుక మీద బోర్లించుకునే అమ్మ నాకు కనిపిస్తూనే ఉంది. ఎవరి మాట నిజమో తెలియలేదు. ఆ రోజు నుంచి నాకు కాలు ఒకచోట నిలవలేదు. ఇంట్లోకీ వాకిట్లోకీ తిరిగాను. అన్నం ముందు కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే మళ్లీ గడప దగ్గరికి రావాలనిపించేది.

ఐదో రోజు మధ్యాహ్నం అమ్మ నన్ను పిలిచింది. నాయనమ్మ పెరట్లో ఉంది. అమ్మ పెదవులు పగిలి తెల్లగా ఉన్నాయి. పిల్లవాడు రొమ్ము పట్టి, పాలు రాక వదిలేసి, సన్నగా ఏడుస్తున్నాడు. "జర నీళ్లియ్యి బిడ్డా. ఒక్క గుక్క," అంది.

నేను లేచాను. వాకిట్లో నీళ్ల గోలెం ఉంది, పక్కన చెంబు ఉంది. చెంబు ముంచాను. నిండా నీళ్లు. అర్ర దాకా తెచ్చాను కూడా. గడప దగ్గర కాలు ఆగిపోయింది. ఇస్తే చచ్చిపోతుంది అన్న మాట చెవిలో గింగురుమంటోంది. అమ్మ చెయ్యి చాచింది. నేను వెనక్కి తిరిగి, పోయి ఆ నీళ్లు గోలెంలో పోసేశాను. మళ్లీ వచ్చి గడప మీద కూర్చొని మోకాళ్లలో తల పెట్టుకున్నాను. అమ్మ ఇంకొకసారి అడగలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. అడగలేదు కాబట్టి దాహం తగ్గిందేమో అనుకున్నాను. అనుకున్నానే గానీ నమ్మలేదు. నాయనమ్మ రాగానే ఇల్లు విడిచి ఆముదం చేను దాకా ఉరికాను. అక్కడా నిలవలేక తిరిగి వచ్చాను. "ఏందే, కాలుగాలిన పిల్లి తీర్గ తిరుగుతున్నవ్?" అంది నాయనమ్మ.

ఆరో రోజు పొద్దెక్కాక నర్సక్క మళ్లీ వచ్చింది. వెళ్లగొట్టిన ఇంటికి ఎవరైనా అంత త్వరగా వస్తారా అని నాకు ఆశ్చర్యం. నేను వాకిట్లో పిల్లవాడి పొత్తిగుడ్డ ఆరేస్తున్నాను. ఆమె ఇంట్లోకి పోకుండా నా దగ్గర ఆగింది.

"పొద్దుగాల సంది ఎన్ని గుడ్డలు ఉతికినవ్?" అని నవ్వుతూ అడిగింది.

"ఇదొక్కటే అక్కా."

"నిన్న?"

"రెండు."

ఆమె నవ్వు ఆగిపోయింది. ఆరు రోజుల పిల్లవాడు రోజుకు ఆరేడు గుడ్డలైనా తడపాలని, తడపడం లేదంటే వాడి కడుపులోకి పాలు పోవడం లేదని నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నేను చెప్పిన లెక్క ఆమెను భయపెట్టిందని అర్థమైంది. నేను ఉతికిన గుడ్డల గురించి లోకంలో ఎవరైనా అడుగుతారని నాకు తెలియదు.

నాయనమ్మ దర్వాజకు అడ్డంగా నిలబడింది. "మళ్ల గా నీళ్ల ముచ్చటేనా?" అంది. నర్సక్క లోపలికి పోతానని పట్టుబట్టలేదు, వాదించలేదు. అరుగు మీద కూర్చొని కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఎండకు నోరు పిడచ కట్టుకపోయిందవ్వా. జర నీళ్లు పొయ్యి," అంది.

ఇంటికి వచ్చిన మనిషి దాహమంటే కాదనే అలవాటు నాయనమ్మకు లేదు. చెంబెడు తెచ్చి దోసిట్లో పోసింది. నర్సక్క తాగింది. ఇంకా పోయమంది. ఆమె గొంతులో నీళ్లు దిగే చప్పుడు నాకు వినపడుతోంది. లోపల అమ్మకు కూడా వినపడుతుందని తలచుకొని నేను చెవులు మూసుకున్నాను.

తాగడం అయ్యాక నర్సక్క నీళ్ల ఊసు ఎత్తలేదు. "నీ కాన్పులప్పుడు నిన్ను ఎవలు అరుసుకున్నరవ్వా?" అని అడిగింది.

నాయనమ్మ మొదట పొడిపొడిగా జవాబు చెప్పింది. అత్త చూసిందని, తల్లి లేదని, పొలంలో నొప్పులు వచ్చాయని. నర్సక్క ఒక్కొక్కటే అడుగుతూ పోయింది. నడుమ ఒక్క మాట కూడా తనది కలపలేదు. నిజానికి ఆమె కూడా నాలాగే కుదురుగా లేదు. కాలి బొటనవేలితో నేలను గీరుతూనే ఉంది, చూపు మాటిమాటికీ అర్ర వైపు పోతోంది. లోపల పిల్లవాడి ఏడుపు సన్నబడుతోంది కదా. అయినా గొంతులో తొందర లేదు. కాసేపటికి నాయనమ్మ నిలబడినది కాస్తా అరుగు మీద కూర్చుంది. అప్పుడు నర్సక్క అడిగింది: "బాలింతకు నీళ్లియ్యొద్దని నీకెవలు జెప్పిన్రు అవ్వా?"

నాయనమ్మ చేతిలోని ఖాళీ చెంబును కింద పెట్టింది. ఎప్పుడూ వినని గొంతుతో మొదలుపెట్టింది. ఆమెకు పదకొండేళ్లప్పుడు ఆమె అక్క పుట్టింట్లో కన్నదట. అక్క పక్కన కూర్చునే పని చెల్లెలిదే. అక్క నీళ్లు నీళ్లు అని ఏడ్చింది. ఎవరూ ఇవ్వలేదు. చెల్లెలు చూడలేక, పెద్దవాళ్లు లేనప్పుడు ముంత నిండా తెచ్చి తాగించింది. తెల్లారేసరికి అక్క పోయింది.

"నేనే ఇచ్చిన," అంది నాయనమ్మ. "నన్ను కన్న మా అవ్వే నన్ను కొట్టుకుంట, నువ్వే సంపినవే అన్నది. గీ ముచ్చట నేను ఎన్నడు ఎవ్వలకు జెప్పలే."

నేను అరుగు పక్కన గడప మీద కూర్చొని వింటున్నాను. ఏడుగురిని కన్న మా నాయనమ్మ, ఊరంతా భయపడే మా నాయనమ్మ, ఆ క్షణాన నా అంత పిల్లలా కనపడింది.

నర్సక్క ఆమెకు దగ్గరగా జరిగింది. "నీళ్లియ్యక ముందు ఒళ్లు కాలుతుండెనా అవ్వా?"

"పెనం తీర్గ కాలింది. రెండు దినాల సంది."

"సోయి దప్పి మాట్లాడిందా? అర్రల వాసనుండెనా?"

నాయనమ్మ తలెత్తి చూసింది. "ఉండె. మా అవ్వ ఊదు పొగ ఏసింది. నీకెట్ల తెలుసు?"

"గది బాలింత జ్వరం అవ్వా. లోపట చీము పట్టింది. మీ అక్కను తీసుకపోయింది జ్వరం, నీ ముంతెడు నీళ్లు గాదు. గంత మంది ఉన్న ఇంట్ల ఆమె దాహం తీర్చింది నువ్వొక్కదానివే."

నాయనమ్మ ఏడవలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వీధి వైపు చూస్తూ కూర్చుంది. వీధిలో ఎవరూ లేరు. నేను ఉండబట్టలేక లేచాను, మళ్లీ కూర్చున్నాను. నర్సక్క నా చెయ్యి పట్టుకొని ఆపింది. ఆమె అరచెయ్యి చెమటతో తడిసి ఉంది.

చివరికి నాయనమ్మ లేచింది. కాచి పెట్టిన నీళ్లు ఉట్టి కింద ఇత్తడి గిన్నెలో ఉన్నాయి. చిన్న గిన్నె పక్కన పెట్టి పెద్ద చెంబు తీసుకుంది. నిండా వంచి అర్రలోకి నడిచింది. నేను వెనకే పోయాను. అమ్మ చెంబును చూసింది గానీ అందుకోలేదు, అత్త ముఖంలోకి భయంగా చూసింది. "తాగు బిడ్డా," అంది నాయనమ్మ, మెడ కింద చెయ్యి పెట్టి లేపుతూ. అమ్మ ఆత్రంగా తాగుతుంటే నీళ్లు మెడ మీద, రవిక మీద పడ్డాయి. ఇంకా పోసింది. నేను అమ్మ పొట్ట వైపే చూస్తున్నాను, ఉబ్బుతుందేమోనని.

నర్సక్క అర్రలోకి వచ్చి కిటికీకి కట్టిన గోనెసంచి విప్పింది. నాయనమ్మ వద్దనలేదు. అమ్మ ఒళ్లు చూసింది, జ్వరం లేదని తేల్చుకుంది. పిల్లవాడి మాడు తడిమింది, నోట్లో వేలు పెట్టి చూసింది. తర్వాత చేలోంచి వచ్చిన మా బాపును వాకిట్లో నిలబెట్టి చెప్పింది. పొద్దుగూకేలోపు పిల్లవాడు గుడ్డ తడపకపోతే, లేదా ఇంకా మెత్తబడినట్టు కనిపిస్తే ఆగొద్దు, జనగామ దవాఖానకు తీసుకుపోవాలి. బాపు వెంటనే కచ్చురానికి ఎద్దులను కట్టి సిద్ధంగా పెట్టాడు.

ఆ పగలు నా జీవితంలో అన్నిటికంటే పొడుగైన పగలు. నర్సక్క వేడినీళ్లలో ముంచిన గుడ్డతో అమ్మ రొమ్ములకు కాపడం పెట్టింది. పాలు చేత్తో ఎలా పిండాలో నాయనమ్మకు చూపించింది. ఉగ్గుగిన్నెలో ఒక్కో చుక్కా పట్టి తమ్ముడి నోట్లో వేశారు. మళ్లీ రొమ్ముకు పెట్టారు. అమ్మకు గంజి, నీళ్లు, మళ్లీ గంజి. నేను ప్రతి ఐదు నిమిషాలకూ పోయి వాడి కింద గుడ్డ తడుముతున్నాను. పొడి. మళ్లీ పొడి. వాకిట్లో ఎద్దులు గిట్టలు కొడుతున్నాయి. బాపు కూర్చోలేదు. దర్వాజ దాకా వచ్చి, లోపలికి రాలేక వెనక్కి పోతున్నాడు. బచ్చన్నపేట బస్సు పోయే వేళ దాటింది, నర్సక్క లేవలేదు.

పొద్దు ఇంటి వెనక్కి వాలుతుండగా నా వేళ్లకు తడి తగిలింది. నమ్మలేక ఇంకోసారి తడిమాను. "అవ్వా!" అని అరిచాను. నాయనమ్మ గుడ్డను లాగి చూసింది, చెంపకు ఆనించుకుంది. ఆ గుడ్డ ఏమిటో తెలిసి కూడా! చూసి నర్సక్క పకపకా నవ్వింది, నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. బాపు కచ్చురం విప్పాడు. చీకటి పడేలోపు వాడు ఇంకో గుడ్డ తడిపాడు.

ఆ సాయంత్రం నర్సక్కకు నాయనమ్మ వంటింట్లో పీట వేసింది. మూడో రోజు ఆమెను ఏ మాటలన్నదో ఇద్దరికీ గుర్తుంది. ఇద్దరూ దాని గురించి మాట్లాడలేదు. నెయ్యి మాత్రం రెండోసారి కూడా వేసింది. ఆ తర్వాత నెల దాకా నర్సక్క వీలైనప్పుడల్లా వచ్చింది. అమ్మ బిందెలు ఎత్తకూడదని బాపుకు చెప్పి నీళ్లు ఆయన చేత మోయించింది. ఊళ్లో మగవాళ్లు నవ్వారు, ఆయన మోశాడు. తర్వాత ఆమెకు వేరే చోటికి బదిలీ అయింది. భూపాలపల్లి దిక్కు పోయిందన్నారు. మళ్లీ చూడలేదు.

గోలెంలో తిరిగి పోసేసిన ఆ చెంబెడు నీళ్లు మాత్రం చాలా ఏళ్లు నన్ను వదల్లేదు. నాకు పెళ్లై మహబూబాబాద్ పోయాను. మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చినప్పుడు, నా పక్కన కూర్చొని నీళ్లు తాగిస్తున్న అమ్మతో చెప్పేశాను, నువ్వు అడిగితే తెచ్చి కూడా ఇయ్యలేదని.

"చూసిన," అంది అమ్మ. "గడపల నిలబడి నీ మొఖం ఎంత పరేషాన్ అయిందో గది గూడ చూసిన. ఇంకోసారి అడిగితె నువ్వు ఇస్తువు. ఇచ్చినంక నాకేమన్న అయితె, నా పిల్ల జన్మంత ఏడ్సుకుంట బతుకుతదని అడుగుడు బంద్ జేసిన."

మా నాయనమ్మ కథ నర్సక్కకు, నాకు తప్ప ఎవరికీ తెలియదు. అమ్మకు ఆ రోజు లోపలికి వినపడలేదట. ఏమీ తెలియకుండానే అమ్మ నన్ను ఆ బరువు నుంచి తప్పించింది. నేను చంటిపిల్లను పక్కన పెట్టి అమ్మ ఒళ్లో తల పెట్టుకున్నాను.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. స్వభావం మారలేదు, ఇప్పటికీ కుదురు తక్కువే. బాలింత ఉన్న ఇంట్లో అయితే మరీ. అందరూ పిల్లవాడిని చూస్తుంటే నేను తల్లి ముఖం చూస్తాను, తిన్నావా, నిద్రపోయావా, ఏం కావాలి అని అడుగుతాను. మొన్న మనవరాలి కాన్పుకు భూపాలపల్లి దవాఖానకు పోయాను. మా వియ్యపురాలు ముర్రుపాలు పిండి పారేయమంటోంది. నాకు కోపం నోటిదాకా వచ్చింది. ఈ కాలంలో కూడా ఇదేం మూర్ఖత్వం అనబోయాను. ఎలాగో ఆపుకొని ఆమె పక్కన బల్ల మీద కూర్చున్నాను. "వదినా, నీ మొదటి కాన్పుల ఏమైంది?" అని అడిగాను. ఆమె నా వైపు చూసి, ఎవరికీ చెప్పని ఒక బిడ్డ గురించి చెప్పడం మొదలుపెట్టింది.

ప్రతిసారీ ఇలా ఆగగలనని చెప్పను. సగంసార్లు ముందు మాట జారుతుంది, తర్వాత బాధపడతాను. కానీ ఎవరైనా ఒక పనికిరాని పట్టుదలతో దారికి అడ్డం నిలబడినప్పుడు, వాళ్లు అక్కడికి ఎలా వచ్చి నిలబడ్డారో అడగాలని మాత్రం తోస్తుంది. ఎండన పడి నడిచి వచ్చి, వెళ్లగొట్టిన ఇంటి అరుగు మీదనే మళ్లీ కూర్చొని, లోపల బిడ్డ ఏడుపు వినపడుతున్నా గొంతు పెంచకుండా అడిగిన ఆ పిల్ల దగ్గర నేర్చుకున్నది అదే.